ఇంటి కింది నేల ఎవరిది? - అర్ధవీడు వైపు నుంచి ఒక పరిశీలన

దళితుల చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం సాగుభూమి గురించి చాలా మాట్లాడుకున్నాం. కూలిరేట్లు, జీతగాళ్ళ వెట్టి, బావినీళ్ళు, బడి, గుడి - వీటన్నిటి గురించీ ఎంతో కొంత రాతలో ఉంది. ఇంటి జాగా సంగతి మాత్రం వీటి మధ్యలో ఒక వాక్యంగా వచ్చి పోతుంది. డిమాండ్ల పత్రంలో ఆఖరున "ఇళ్ళ స్థలాలు కూడా" అని చేరుస్తాం, అంతే. కానీ పల్లెలో ముసలోళ్ళను కూర్చోబెట్టి అడిగితే ఈ వరస తిరగబడుతుంది. వాళ్ళకు పొలం తర్వాతి సంగతి. కొట్టం ఎవరి నేలలో వేసుకున్నాం, ఆసామికి కోపం వస్తే పిల్లల్ని తీసుకొని యాడికి పోవాలి - ముందు ఇది తేలాలి. కూలి పెంచమని అడిగే నోరు కూడా ఇది తేలిన తర్వాతే లేస్తుంది.

ఇప్పుడు దీన్ని ఎత్తుకోవడానికి కారణం ఉంది. అర్ధవీడు, కంభం, గిద్దలూరు, మార్కాపురం పల్లెల నుంచి చదువుకొని ఉద్యోగాల్లో చేరిన మొదటి తరం, బేల్దారి పనికి పోయి మేస్త్రీలైన తరం ఇవాళ పట్నం శివార్లలో ఇల్లు కొనుక్కుంటోంది. అది కంభం శివారు కావచ్చు, హైదరాబాదు శివారు కావచ్చు. తెలుగూ ఉర్దూ రెండూ వినబడే వీధి. బడి దగ్గర. రాత్రి పూటైనా ఆటో దొరుకుతుంది. "ఫ్యామిలీలు ఉండే చోటు" అని వెంచరు వాళ్ళ కరపత్రం చెప్తుంది. ఈ కొనుగోలును మన ఉద్యమ మిత్రులు కొందరు మధ్యతరగతి మోజు అని కొట్టిపారేస్తున్నారు. ఇంకొందరు ఇదే విముక్తి అంటున్నారు. ఇంటి జాగాకు ఉన్న చరిత్రను దగ్గర పెట్టుకొని చూస్తే ఈ రెండు మాటలూ నిలబడవు. మన వాళ్ళు గొంతెత్తిన చాలా చోట్ల, అంతకు ముందే ఇంటి కింది నేల ఆసామి చేతిలోంచి జారిపోయి ఉంది. అయితే ఆ నేల ఇచ్చిన ప్రతివాడూ - మిషనైనా, సర్కారైనా, ఇప్పుడు మార్కెట్టైనా - దానికొక షరతు తగిలించే ఇచ్చాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ షరతుల గురించే.

ఊరు, పల్లె, గుండ్లకమ్మ

కంభం సీమ 1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన జిల్లాల్లో ఒక భాగం. మొదట కడపలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లాలో కలిపారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పెట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి విడదీసి అందులో చేర్చారు. దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. 1985లో మండలాలు వచ్చాయి. పాలకులు ఎన్నిసార్లు గీత మార్చి గీసినా ఒక గీత మాత్రం చెరగలేదు. అది ఊరికీ పల్లెకూ మధ్య ఉన్నది. మా వైపు "పల్లె" అంటే చిన్న ఊరు కాదు. మాలపల్లె, మాదిగపల్లె. "ఊళ్ళోకి పోయొస్తా" అని పల్లెలో మనిషి అన్నాడంటే తాను ఊళ్ళో లేనని చెప్పినట్టే. ఆ మాట అనేటప్పుడు ఎవరికీ ఇది తట్టదు. అంతగా అలవాటైపోయిన మాట. (అర్ధవీడు, పెద్దారవీడు పేర్లలోని "వీడు"కు పాత తెలుగులో పట్టణం, నివాసం అని అర్థం. అదే మాట క్రియ అయితే విడిచిపోవడం. మా వైపు జనం బతుకుకు రెండర్థాలూ సరిపోతాయి.)

పల్లె ఎక్కడుంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరికి దిగువన, వాగు ఒడ్డున, వాన కురిస్తే నీళ్ళు నిలిచే చోట. నేల ఎవరిదన్నది మాత్రం ఒక్కో పల్లెది ఒక్కో తీరు. కొన్ని గ్రామనత్తంలో ఉన్నాయి. కొన్ని వాగు పోరంబోకులో. ఇంకొన్ని ఆసాముల పట్టా పొలాల అంచున. చివరి రకం పల్లెల్లో కొట్టం ఉందంటే ఆసామి ఉండనిచ్చాడనే అర్థం. ఆ ఉండనివ్వడానికి బాడుగ లేదు. దాని బదులు పని. కళ్ళంలో, గొడ్ల పాకలో, చావు కబురు మోయడంలో. బాడుగ లేని ఇంటికి చెల్లించే బాడుగ ఎప్పటికీ తీరదు.

ఇంటి పైభాగం కూడా మన చేతిలో లేదు. కొట్టం మీద కప్పే బోద, వాసాలకు కావలసిన వెదురు నల్లమల నుంచి రావాలి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత నల్లమల రిజర్వు అడవి అయింది. అంతకు ముందు తెచ్చుకున్నది ఆ తర్వాత దొంగతనం అయింది. మోపుకు పర్మిట్టో, మామూలో. కింద నేల ఆసామిది, పైన బోద ఫారెస్టోళ్ళది. మధ్యలో మట్టిగోడ ఒక్కటే మనది.

ఈ ఏర్పాటు మొదటిసారి గట్టిగా కదిలింది 1876-78 కరువులో. మద్రాసు రాజధానిలో ఆ కరువుకు బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ముందు వరసలో ఉంటుంది. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య ఆ జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఆసామి గాదె ఖాళీ అయినాక పల్లెను పట్టి ఉంచే తాడు కూడా తెగింది. జనం గంజి కోసం, పని కోసం తూర్పుకు నడిచారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని వాళ్ళకు పని పెట్టాడు. 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది గుండ్లకమ్మలోనే. అది నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపి ఒంగోలు వైపు పారే నది. చెరువు నీళ్ళు మాగాణికి పారినన్నాళ్ళూ అవి ఎవరివో మనకు తెలుసు. అదే నది కింద ఒకచోట, ఒకరోజు, మాదిగల నది అయింది.

1880లలో కంభంలో, 1890లలో మార్కాపురంలో మిషన్ కేంద్రాలు వచ్చాయి. మతం మారడం గురించి మన పత్రికల్లో బోలెడు చర్చ జరిగింది. బియ్యం కోసం మారారా, గౌరవం కోసం మారారా అని. ఆ చర్చలో నేను చూడని సంగతి ఒకటుంది. మిషన్ కాంపౌండు మా వైపు దళితులు కాలు పెట్టిన మొదటి ఆసామి లేని నేల. అందులో ఉన్న గది ఆదివారం గుడి, మిగతా రోజుల్లో బడి. ఊళ్ళో తగాదా వస్తే పిల్లల్ని దాచిపెట్టే చోటు కూడా అదే. అక్కడ చదువుకున్న టీచర్లు, బైబిలు స్త్రీలు, కాంపౌండర్లు తిరిగి పల్లెకొచ్చినప్పుడు వాళ్ళ నడకే వేరుగా ఉండేదని పెద్దలు చెప్తారు. ఇక షరతు: ఆ నేల మిషన్‌దే. పని ఉన్నన్నాళ్ళు ఇల్లు. పని పోతే ఇల్లూ పోతుంది. తెల్లదొరలు పోయినాక ఆస్తులు సంఘాల చేతికీ ట్రస్టుల చేతికీ వచ్చాయి. చాలా చోట్ల కోర్టుల పాలయ్యాయి. మూడు తరాలు అందులో కాపురం ఉన్న కుటుంబానికి కూడా చూపించడానికి చీటీ ముక్క ఉండదు.

కాగితం మాట్లాడే భాష

చీటీ దగ్గర కాసేపు ఆగుదాం. తెలుగులో ఇంటి మాటలు తీసుకోండి: ఇల్లు, గడప, వాకిలి, పంచ, దొడ్డి, పొయ్యి. అన్నీ మన ఇంటి భాషే. ఇల్లు మనదని చెప్పే మాటలు తీసుకోండి: జాగా, హద్దు, దస్తావేజు, తనఖా, బయానా. ఇవి ఫారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చాయి. నత్తం, పోరంబోకు, అడంగల్ మద్రాసు కచేరీల ద్వారా అరవం నుంచి వచ్చాయి. సర్వే, రిజిస్ట్రేషన్, ప్లాటు ఇంగ్లీషువి. ఇంట్లో కాపురం ఉండటం ఒక భాషలో, ఇంటిని సొంతం చేసుకోవడం ఇంకో భాషలో. రెండు భాషల మధ్య కరణం కూర్చున్నాడు. అరక దున్నిన రైతుకే ఈ భాష సగం తెలియదు. ఇక బడి గడప తొక్కనివ్వని వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? మా అవ్వ "పట్టా" అనేది, "పోరంబోకు" అనేది, రెండూ ఆమెకు బాగా అర్థమే. కానీ కాగితం మీద ఏది రాసి ఉందో ఎవరో చదివి చెప్పాల్సిందే.

పాత దస్తావేజుల్లో నాలుగు హద్దులు రాస్తారు. తూర్పు ఫలానా వారి పొలం, పడమర వాగు, దక్షిణం రస్తా, ఉత్తరం మాలపల్లె. గమనించండి, పల్లె కాగితంలో ఉంది. కానీ అక్కడుండే మనుషుల పేరు మీద కాదు. వేరేవాళ్ళ ఆస్తి ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి ఉంది. ఒక జనం మొత్తం ఇంకొకరి హద్దురాయిగా రికార్డుల్లోకి ఎక్కింది.

సర్కారు ఈ సంగతిని గుర్తించడం ఆలస్యంగా జరిగింది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయల స్థితి మీద రాసిన నివేదికలో, మిరాసీదారుల నేల మీద కాపురం ఉండటమే వాళ్ళ బానిసత్వానికి ఒక మూలమని చూపించాడు. దాని మీద రెవెన్యూ అధికారుల మధ్య పెద్ద వాదం నడిచింది. పని మాత్రం ముప్పై ఏళ్ళ దాకా నడవలేదు. 1919-20లో మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్ను నియమించి, నిమ్నజాతుల ఇళ్ళ స్థలాల కోసం భూసేకరణ మొదలుపెట్టింది. 1894 భూసేకరణ చట్టం కింద నేల కొనడం, సహకార సంఘాలు పెట్టి ఆ ధరను వాయిదాల్లో వసూలు చేయడం - ఇదీ పద్ధతి. అంటే మన తాతల తరంలో కొందరు ఇంటి జాగాను ఉచితంగా పొందలేదు, కంతులు కట్టి కొనుక్కున్నారు. "సర్కారు ఉత్తపుణ్యానికి ఇచ్చింది" అని ఎద్దేవా చేసేవాళ్ళకు ఈ సంగతి గుర్తు చేయాలి.

కాలనీ

స్వాతంత్ర్యం తర్వాత పాతికేళ్ళు మా వైపు పెద్ద మార్పు లేదు. హరిజనవాడ అని పేరు మారింది, చోటు మారలేదు. 1975లో ఎమర్జెన్సీ నాటి ఇరవై సూత్రాల్లో ఇళ్ళ స్థలాలు ఒక సూత్రం అయింది. 1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇతరుల నేలలో నివేశనాలున్న వ్యవసాయ కూలీలకు, చేతివృత్తుల వాళ్ళకు ఆ జాగా మీద యాజమాన్యం ఇచ్చే చట్టం చేసింది. చట్టంగా ఇది చిన్నది కాదు. ఆసామి నేల మీది కొట్టం ఆసామి దయ కాదని చెప్పిన చట్టం ఇది. కానీ మన కార్యకర్తల్లోనే దాని పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది? సాగుభూమి సీలింగు చట్టం గురించి ఉపన్యాసాలిచ్చిన మనం దీన్ని పట్టించుకోలేదు.

1983 తర్వాత ఎన్.టి. రామారావు ప్రభుత్వం పక్కా ఇళ్ళు కట్టించింది. ఇందిరా ఆవాస్ యోజన 1985లో వచ్చింది. ఇందిరమ్మ పథకం 2006లో. ఒక్కో పథకానికి ఒక్కో పేరు, ఒక్కో రంగు, గోడ మీద ఒక్కో బొమ్మ. పల్లె పక్కనే, లేదా ఇంకాస్త దూరంగా గుట్ట కింద, చౌడు నేలలో, వల్లకాటి దారిలో కాలనీ వెలిసింది. బోద కొట్టం పోయి స్లాబు వచ్చింది. ఇది తక్కువ మార్పు కాదు. నిప్పు భయం పోయింది. ఎండాకాలంలో ఒక్క రవ్వకు వాడ మొత్తం బూడిదయ్యే రోజులు చూసినవాళ్ళు స్లాబును తక్కువ చేసి మాట్లాడరు. అయితే చోటు మళ్ళీ వేరుగానే. ఊరి అంచు ఇంకొంచెం అవతలికి జరిగింది, అంతే.

ఇక్కడి షరతు పట్టా కాగితం మీదే అచ్చయి ఉంటుంది: అమ్మరాదు, బదిలీ చేయరాదు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఉద్దేశం మంచిదే. అప్పుకు, తాగుడుకు, బెదిరింపుకు మన భూములు ఆసాముల చేతికి తిరిగి పోకుండా కాపాడాలని. అది లేకపోతే ఇవాళ మిగిలిన కాస్త కూడా మిగిలేది కాదు. కానీ ఇంటి విషయంలో దీని ఫలితం ఇంకో రకంగా ఉంది. పక్క వీధి కాపు ఇల్లు బ్యాంకులో పెట్టి కొడుకును ఇంజనీరింగు చదివించగలడు. అదే కొలత, అదే సిమెంటుతో కట్టిన కాలనీ ఇంటికి బ్యాంకు అప్పివ్వదు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధ జాబితాలో ఉంటుంది. కొడుక్కి పట్నంలో ఉద్యోగమొచ్చినా ఈ ఇల్లు అమ్మి ఆ ఇల్లు కొనే దారి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సవరణ 20 ఏళ్ళు దాటిన ఇంటి స్థలాలను అమ్ముకోవచ్చని చెప్పింది. 2021లో ఆ గడువును 10 ఏళ్ళకు తగ్గించారు. ఇది మేలా, కీడా? మేలే అనుకుంటాను, కానీ సగం మనసుతో. బజారుకు దగ్గరున్న కాలనీల మీద రియల్ ఎస్టేటు కన్ను ఎప్పుడో పడింది. కాపలా తీసేటప్పుడు ఇంటికి తలుపుందా లేదా అని చూడాలి కదా.

కొలత సంగతి కూడా రాయాలి. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ళ పట్టాల పంపిణీలో పల్లెటూళ్ళలో ఇచ్చింది సెంటున్నర, పట్టణాల్లో ఒక సెంటు. సెంటున్నర అంటే 72.6 గజాలు. పట్టా ఆడమనిషి పేరు మీద ఇచ్చారు, అది గట్టి మార్పు. కానీ 72.6 గజాల్లో గేదె ఎక్కడ కట్టేయాలి, కొడుక్కి పెళ్ళైతే గది ఎక్కడ వేయాలి? పల్లె ఇంటికి దొడ్డి ఒక పని చోటు. డప్పు ఆరబెట్టుకునేది, కోళ్ళు పెంచుకునేది, గడ్డివామి వేసుకునేది అక్కడే. ఇల్లు అంటే పడుకునే గది అని ఎవరు అనుకున్నారో వాళ్ళే ఈ కొలత గీశారు.

కాలనీ చరిత్రలో మన జిల్లాలోనే జరిగిన ఒక సంగతిని వేరుగా చూడాలి. 1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు చనిపోయారు. (కారంచేడు, చీరాల అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్లలో ఉన్నాయి.) ఆ తగవు పల్లె జనం మంచినీళ్ళు తాగే చెరువు దగ్గర మొదలైంది, అంటే నివాసం దగ్గరే మొదలైంది. తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చేరి, శిబిరం వేసుకొని, ఊరికి తిరిగి పోమని తెగేసి చెప్పారు. రక్షణ ఇస్తాం, పోలీసు పికెట్ పెడతాం అన్నా వినలేదు. చీరాలలోనే ఇళ్ళు కావాలన్నారు, సాధించుకున్నారు. కారంచేడు మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి. దళిత మహాసభ పుట్టుక, కత్తి పద్మారావు, బొజ్జా తారకం గార్ల పాత్ర, 2008లో సుప్రీం కోర్టు తీర్పు దాకా. నా దృష్టిలో ఆ పోరాటపు నడుం "తిరిగిపోము" అన్న మాటలో ఉంది. శతాబ్దాలుగా వెలి వేసిన ఊరిని జనమే వెలి వేయడం అది. పట్నం శివారులో నివాసం మోజు కాదు, రక్షణ అని మన వాళ్ళు రాజకీయంగా ప్రకటించింది అక్కడే.

శివారులో ఇల్లు

ఈ మాటను ఇంకా ముందు, ఇంకో నగరం అనుభవంలో చూడొచ్చు. ఇవాళ మా మండలాల నుంచి బేల్దారి పనికి, ఉద్యోగాలకు ఎక్కువ మంది పోయేది హైదరాబాదుకే కాబట్టి ఆ నగరపు పాత లెక్క మనకు అవసరం. ఉర్దూ రాజభాషగా ఉన్న ఆ రాజ్యంలో తెలుగు మాట్లాడే మాల మాదిగలు రెసిడెన్సీ, సికింద్రాబాదు కంటోన్మెంటు, మిల్లులు, రైల్వే, దొరల బంగళాల చుట్టూ స్థిరపడ్డారు. ఊరి ఆసామి నుంచి విడివడి, నెల జీతం మీద బతికే బస్తీలవి. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం పెట్టింది ఈ బస్తీల మధ్య నుంచే. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లిల్లో తెలుగు బడులు తెరిచిందీ వీళ్ళ పిల్లల కోసమే. బయట ఉర్దూ, ఇంట్లో తెలుగు, పనిచోట ఇంగ్లీషు ముక్కలు. ఈ మూడు భాషల మధ్య పెరిగిన తరం 1931 జనగణనలో ఆది హిందువులుగా నమోదు కావాలని అడగగలిగింది. పల్లెలో అదే సమయంలో అదే కులం వాళ్ళు ఆ మాట అనగలిగేవాళ్ళా? 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మురికివాడలు తీసి పేదలకు అద్దె ఇళ్ళు కట్టింది. మంచో చెడో, ఆ నగరంలో ఇల్లు సర్కారు లెక్కలోకి వచ్చిన అంశం. పల్లెలో అది ఆసామి ఇంటి సొంత వ్యవహారం.

మా వైపున రెండు భాషల చోటు అంటే కంభం, మార్కాపురం. అర్ధవీడు వాళ్ళకు సంతకూ, రైలుకూ, పెద్ద చదువుకూ కంభమే దిక్కు. పెద్దల నోట నేను విన్నదాంట్లో ఒక సంగతి పదే పదే వస్తుంది: చదువు కోసమో ఉద్యోగం కోసమో టౌనుకు వచ్చిన మొదటి తరానికి అద్దె ఇల్లు దొరికింది ఎక్కువగా సాయిబుల వీధిలో. కారణాలు పెద్ద సిద్ధాంతం కావు. కూర ఏం వండావని అడగరు. బిందె తాకితే కడగరు. అద్దె టైముకు ఇస్తే చాలు. ఆ వీధుల్లో పెరిగిన మన పిల్లలకు ఉర్దూ తిట్లు ముందు వచ్చాయి, తర్వాత మాటలు. దీన్ని పెద్ద సోదరభావంగా పాడుకోవద్దు. పెళ్ళి సంబంధం దాకా పోతే అక్కడా గోడలే. కానీ వంటింటి వాసన మీద కాపలా లేని వీధి ఒకటి ఉండటం ఎంత ఊపిరో, అది లేనిచోట ఉన్నవాళ్ళకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. వీధి అంతకు చాలా ముందే రెండు భాషల్లో కాపురం చేస్తోంది.

ఇక కొనడం. అద్దెకూ కొనుగోలుకూ తేడా ఉంది. అద్దె ఇల్లు వద్దంటే ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. అంబేద్కర్ 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్ళి, ఎక్కడా చోటు దొరక్క, పార్సీ సత్రంలో పేరు మార్చుకొని ఉండి, బయటపడ్డాక గెంటివేయించుకున్న కథ మనకు తెలిసిందే. విదేశీ చదువులు, సంస్థానంలో పెద్ద కొలువు ఉన్న మనిషికి ఒక గది దొరకలేదు. ఆ మనిషే 1930ల మొదట్లో బొంబాయి దాదరులో, హిందూ కాలనీలో, రాజగృహ కట్టుకున్నాడు. పుస్తకాల కోసం కట్టుకున్నాడని అందరూ చెప్తారు, నిజమే. దాంతోపాటు ఎవరూ ఖాళీ చేయించలేని గడప కోసం కూడా అని నేను చదువుకుంటాను. సొంత ఇల్లు కొన్న మన టీచరు, మన క్లర్కు కూడా ఆ బరోడా సత్రం నుంచే బయటికి నడుస్తున్నాడు. అందుకే దీన్ని మోజు అనడానికి నాకు నోరు రాదు.

అయితే మార్కెట్టు పెట్టే షరతు? దస్తావేజులో అది ఉండదు. పాత అమ్మకం పత్రాల్లో పేరు పక్కన కులమూ వృత్తీ రాసేవారు. ఇప్పుడు ఆధార్ నంబరు రాస్తున్నారు. కులం కాగితం మీద నుంచి దిగి నోటి మీదికి వచ్చింది. "మీ ఇంటిపేరేంది?" "మీది ఏ ఊరు? ఊళ్ళో ఎక్కడ?" "ఆదివారం ఎటు పోతారు?" టులెట్ బోర్డు మీద "శాకాహారులకు మాత్రమే" అని రాయడం దీని బాహాటపు రూపం. "చిన్న ఫ్యామిలీకి" అనేది మెత్తని రూపం. పల్లె నుంచి నెలకు నలుగురు చుట్టాలు ఆస్పత్రి పని మీద వచ్చి పడుకునే ఇల్లు వాళ్ళ లెక్కలో ఫ్యామిలీ కాదు. ఢిల్లీ పరిసరాల అద్దె ఇళ్ళ మీద సుఖదేవ్ థోరాట్ బృందం చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం దళితులకూ, అంతకంటే ఎక్కువగా ముస్లింలకూ ఇళ్ళు నిరాకరిస్తున్నారని చూపించింది. చట్టం మన పక్షాన గట్టిగా ఉందని కూడా అనుకోవద్దు. 2005లో సుప్రీం కోర్టు, గుజరాత్‌లోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకునే నియమాన్ని సమర్థించింది. అల్పసంఖ్యాక సమాజం కాబట్టి సరేనంటారేమో. కానీ అదే సూత్రం పట్టుకొని అగ్రకులాల కాలనీలు నిలబడితే ఏ గుమ్మం దగ్గర అడగాలి?

దీంతో ఇల్లు కొన్న మనవాళ్ళు రెండు రకాలుగా బతుకుతున్నారు. కొందరు గృహప్రవేశం నాడే అంబేద్కర్ పటం హాల్లో పెట్టి, ఏప్రిల్ 14న వీధికి లడ్లు పంచుతారు. ఎక్కువమంది ఆ పటాన్ని పడకగదిలో పెడతారు. నేనేమీ తీర్పు చెప్పడం లేదు. పిల్ల ఆడుకోవడానికి పక్కింటికి పోవాలి, ఆ తలుపు మూసుకోకూడదు అనే భయం ఏమిటో నాకు తెలుసు. కానీ చరిత్ర విద్యార్థిగా ఈ తేడాను నమోదు చేయాలి. మిషన్ నేల మతం అడిగింది, సర్కారు నేల అమ్మకూడదన్నది, శివారు నేల మౌనం అడుగుతోంది. మూడింట్లో మౌనం ఖరీదే ఎక్కువేమో. ఎందుకంటే ముందు రెండు చోట్లా జనం గుంపుగా ఉన్నారు. ఇక్కడ ఒక్కో ఇల్లు ఒంటరి.

ఆడవాళ్ళను అడిగితే లెక్క ఇంకోలా చెప్తారు, అదీ రాయాలి. మొదట చెప్పేది మరుగుదొడ్డి. ఆ తర్వాత నీళ్ళ కొళాయి. రాత్రి భయం లేకపోవడం. ఆ తర్వాత కాసేపాగి, పల్లెలో పురిటికి, జ్వరానికి పది చేతులుండేవి, ఇక్కడ తలుపు కొట్టాలంటే ఆలోచించాలి అంటారు. ఉర్దూ మాట్లాడే పక్కింటామెతో సగం సైగలతో, సగం మాటలతో స్నేహం కుదిరిందని చెప్పినవాళ్ళున్నారు. ఎదురింటి తెలుగామెతో కుదరలేదన్న వాళ్ళూ ఉన్నారు. భాష ఒకటైతే మనసు ఒకటవుతుందని నమ్మే మన భాషాభిమానులు దీన్ని వినాలి.

ఈ చరిత్రకు ఆధారాలు గ్రంథాలయాల్లో తక్కువ, ట్రంకు పెట్టెల్లో ఎక్కువ. అర్ధవీడు మండలంలోని కాకర్ల గ్యాపు దగ్గర, సుంకేశుల, గొట్టిపడియ దగ్గర కట్టిన వెలిగొండ ఆనకట్టలతో 11 గ్రామాలు ముంపులోకి పోతున్నాయి. ఇల్లుకు ఇంత, జాగాకు ఇంత అని పరిహారం కట్టేటప్పుడు అధికారి మొదట అడిగేది కాగితమే. పునరావాస కాలనీకి పోవాలా, డబ్బు తీసుకొని మార్కాపురం శివారులో ప్లాటు కొనాలా అని కుటుంబాల్లో అన్నదమ్ములు వాదులాడుకుంటున్నారు. ఆ పల్లెలు నీళ్ళ కిందికి పోయేలోపు అక్కడి ఇంటిపన్ను రసీదులు, డీకేటీ పట్టాలు, సంఘం కంతుల చీటీలు, చర్చి రిజిస్టర్లు ఫోటో తీసి పెట్టాలి. టీచర్లు తమ బడిపిల్లల చేత ఈ పని చేయించవచ్చు. కాగితం లేని ఇళ్ళను ఇంకా జాగ్రత్తగా రాసుకోవాలి: ఎవరి నేలలో ఉండింది, ఏ సంవత్సరం కొట్టం వేశారు, బదులుగా ఏం పని చేశారు, పక్కిల్లు ఎవరిది. ముసలివాళ్ళు నాలుగు హద్దులూ నోటితోనే చెప్పగలరు. ఈసారి ఆ హద్దుల మధ్య వాళ్ళ పేరు రాయాలి.